జీతగాని అప్పు: నూటయాభై ఏళ్ళ కథ, మనకు మిగిలిన పాఠం

మన సంఘం ప్రత్యేక సంచికలలో ఆరోగ్యం గురించి, పింఛను నిబంధనల గురించి, తీర్థయాత్రల గురించి వ్యాసాలు వస్తూనే ఉంటాయి. అప్పుల గురించి మాత్రం రాసేవారు అరుదు. నలుగురు పింఛనుదార్లు ఒకచోట కూర్చుంటే చక్కెరవ్యాధి గురించి దాపరికం లేకుండా మాట్లాడుకుంటాం గాని, నెలనెలా బ్యాంకువాళ్ళు విరగ్గోసుకునే వాయిదా ఎంతో ఎవరూ బయటపెట్టరు. అదేదో పరువు తక్కువ సంగతి అన్నట్లు కడుపులో దాచుకుంటాం.

నిజానికి జీతం మీద బ్రతికేవాడి అప్పు ఈనాటిది కాదు. దానికి పెద్ద చరిత్రే ఉంది. దాని మీద ప్రభుత్వాలు కమిషన్లు వేశాయి, చట్టాలు చేశాయి. సహకార సంఘాలు పుట్టినదీ దానికోసమే. ఆ చరిత్ర తెలుసుకుంటే రెండు లాభాలు. మొదటిది, అప్పులో ఉన్నవాడు తాను ఒంటరినని కుమిలిపోనక్కరలేదు. రెండవది, వెనుకటివారు ఏ దారిన బయటపడ్డారో తెలుస్తుంది. ఈ వ్యాసం ఉద్దేశం అంతే.

జీతగాడంటే వడ్డీవ్యాపారికి ఎందుకంత ప్రీతి?

రైతుకు పంట వస్తే వస్తుంది, లేకపోతే లేదు. వర్తకునికి లాభం రావచ్చు, నష్టం రావచ్చు. జీతగాని సంగతి అలా కాదు. అతనికి ఫలానా తారీఖున ఇంత డబ్బు వస్తుందని ఊరందరికీ తెలుసు. అప్పు ఇచ్చేవాడికి ఇంతకంటే కావలసిందేముంది? మొదటి తారీఖున కచేరీ గుమ్మం దగ్గర నిలబడితే చాలు.

1929లో బ్రిటిష్ ప్రభుత్వం భారతదేశంలోని కార్మికుల స్థితిగతులను విచారించడానికి జె.హెచ్. విట్లీ అధ్యక్షతన ఒక రాయల్ కమిషన్ వేసింది. 1931లో ఆ కమిషన్ ఇచ్చిన నివేదికలో ఋణభారం మీద ప్రత్యేకంగా రాశారు. చాలా పారిశ్రామిక కేంద్రాలలో మూడింట రెండు వంతులకు తక్కువ కాకుండా కార్మిక కుటుంబాలు అప్పులో ఉన్నాయనీ, ఎక్కువమంది విషయంలో ఆ అప్పు మూడు నెలల జీతాన్ని మించి ఉన్నదనీ వారు తేల్చారు. వడ్డీ సంగతి చూడండి. రూపాయికి నెలకు ఒక అణా అన్నది మామూలు రేటు. వినడానికి అణాయే కదా అనిపిస్తుంది. పన్నెండు నెలలకు పన్నెండణాలు, అంటే ఏడాదికి నూటికి డెబ్బైఐదు రూపాయలు. పదహారు నెలలు తిరిగేసరికి వడ్డీ అసలుకు సమానం అవుతుంది, అసలు మాత్రం అలాగే ఉంటుంది. చదువురాని కార్మికునికి ఈ లెక్క వేసి చూపేవారు లేరు. అణా అన్న చిన్నమాట వెనుక డెబ్బైఐదు శాతం అన్న పెద్దమాట దాగి ఉండేది.

కోర్టుకు పోయే ఓపిక లేని వడ్డీవ్యాపారులు కర్ర పట్టుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపు కాసేవారు. ఇది కూడా కమిషన్ దృష్టికి వచ్చింది. బాకీ వసూలుకోసం పని స్థలం చుట్టూ కాపుకాయడాన్ని నేరంగా చేయాలని వారు సిఫారసు చేశారు. 1934లో బెంగాల్ ప్రభుత్వం ఇందుకోసమే ఒక కార్మిక రక్షణ చట్టం చేసింది.

ఆ నివేదికలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన సంగతి వేరొకటి ఉంది. కార్మికుడు కష్టాలవల్లనే అప్పు చేస్తున్నాడని మనం అనుకుంటాం. పెళ్ళిళ్ళు, చావులు, పండుగలు కారణాలే. కాని అంతకు మించి, అతనికి అప్పు సులువుగా పుడుతున్నది కనుకనే అప్పు పెరుగుతున్నదని కమిషన్ గుర్తించింది. జీతాన్ని జప్తు చేయించే అధికారం ఉన్నంతకాలం వ్యాపారి ధైర్యంగా అప్పిస్తాడు. ఆ ధైర్యాన్ని తగ్గించండి, అప్పు దానంతట అదే తగ్గుతుందన్నది వారి వాదం. 

పంజాబులో సహకార శాఖలో పనిచేసిన మాల్కం డార్లింగ్ అనే ఐ.సి.ఎస్. అధికారి రైతు ఋణాల మీద 1925లో ఒక ప్రసిద్ధ గ్రంథం ప్రచురించాడు. ఆయన చూసినదీ ఇంచుమించు ఇదే. కాలువలు వచ్చి, భూముల ధరలు పెరిగి, రైతు బాగుపడిన చోట కూడా అప్పులు పెరిగాయి. ఎందుకంటే భూమి విలువ పెరిగినకొద్దీ అతనికి అప్పు పుట్టే శక్తీ పెరిగింది. పేదరికం అప్పు చేయిస్తుంది, కలిమి కూడా అప్పు చేయిస్తుంది. కొత్త పే స్కేళ్ళు అమలు కాగానే మన కార్యాలయాలలో వాయిదాల కొనుగోళ్ళు ఊపందుకోవడం చూసినవారికి ఈ మాట కొత్తగా ఉండదు.

చట్టం వేసిన కంచె

పింఛనుదార్లకు సంబంధించిన కంచె అన్నిటికంటే పాతది. 1871 నాటి పింఛన్ల చట్టం ప్రకారం ప్రభుత్వ పింఛనును అప్పులవాడు కోర్టు ద్వారా జప్తు చేయించడానికి వీలులేదు. అంతేకాదు, ఇంకా రాని పింఛనును ముందుగానే మరొకరికి రాసి ఇచ్చినా ఆ రాత చెల్లదు. దీని వెనుక ఆలోచన స్పష్టం. ముసలితనంలో తిండికోసం ఇచ్చే సొమ్ము తిండికే పోవాలి. పింఛను పుస్తకం వ్యాపారి పెట్టెలో పెట్టి, ప్రతి నెలా అతని వెంట వెళ్ళి డబ్బు తెచ్చుకుని అక్కడికక్కడే లెక్కపెట్టి ఇచ్చివేసే దుస్థితి రాకూడదన్నది చట్టం కోరిక.

1925లో ప్రావిడెంట్ ఫండ్ల చట్టం వచ్చి ఉద్యోగి నిధికి అటువంటి రక్షణే కల్పించింది. 1936లో వేతనాల చెల్లింపు చట్టం వచ్చింది. ఫలానా తారీఖులోగా జీతం ఇచ్చి తీరాలనీ, ఇష్టం వచ్చినట్లు కోతలు కోయరాదనీ అది శాసించింది. జీతం ఆలస్యమైతే కార్మికుడు అప్పుకు పోతాడు కనుక, సకాలంలో జీతం ఇవ్వడం కూడా ఋణవిముక్తిలో భాగమే. 1937లో సివిల్ ప్రొసీజర్ కోడ్‌ను సవరించి, జీతంలో మొదటి వంద రూపాయలు, ఆ పైన మిగిలినదానిలో సగం జప్తుకు అందకుండా చేశారు. ఇప్పుడు ఆ రక్షణ మొదటి వెయ్యి రూపాయలకు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులకు విస్తరించింది. పైగా ఒకే డిక్రీ కింద ఇరవైనాలుగు నెలలు జప్తు జరిగితే, ఆ డిక్రీ కింద ఆ తర్వాత జీతం ముట్టుకోరాదు.

తెలుగు జిల్లాలలో రైతుల సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1937లో మద్రాసులో రాజగోపాలాచారిగారి మంత్రివర్గం ఏర్పడింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు అందులో రెవిన్యూ మంత్రి. ఆ ప్రభుత్వం 1938లో వ్యవసాయదారుల ఋణ ఉపశమన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి నిలిచి ఉన్న వడ్డీ అంతా రద్దయింది. అసలుకు రెట్టింపు ఇప్పటికే చెల్లించి ఉంటే అప్పు పూర్తిగా తీరినట్లే. వడ్డీ అసలును మించరాదన్న పాత ధర్మశాస్త్రాల నియమానికి ఇది దగ్గరగా ఉంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉన్నవి కనుక ఎన్నో తెలుగు కుటుంబాలకు ఈ చట్టం ఊపిరి పోసింది.

1980లో సుప్రీంకోర్టు జాలీ జార్జి వర్గీస్ కేసులో మరొక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. చెల్లించే శక్తి ఉండి ఎగ్గొట్టేవాడు వేరు, శక్తి లేక చెల్లించలేనివాడు వేరు. కేవలం పేదరికంవల్ల బాకీ తీర్చలేని మనిషిని జైలుకు పంపరాదని జస్టిస్ కృష్ణయ్యర్ స్పష్టం చేశారు. పదవీవిరమణ సొమ్ము చేతికి వచ్చి డిపాజిట్టుగా మారినంత మాత్రాన జప్తునుంచి దానికున్న రక్షణ పోదని 2008లో అదే కోర్టు చెప్పింది.

ఇన్ని కంచెలు ఉన్నాయి కదా, ఇక భయమేమిటి అంటారా? ఒక్క విషయం గమనించాలి. ఈ కంచెలన్నీ బయటివాడు లోపలికి రాకుండా కట్టినవి. లోపలివాడు తానే గేటు తీసి పిలిస్తే చట్టం అడ్డు రాదు. నా ఖాతానుంచి నెలనెలా ఇంత తీసుకోండి అని మనం సంతకం పెట్టి ఇచ్చిన తర్వాత అది జప్తు కాదు, మన ఇష్టపూర్వకమైన చెల్లింపు. అందుచేత అప్పుల చరిత్రలో చట్టం సగం కథ మాత్రమే. మిగతా సగం మనుషులు తమంతట తాము చేసుకున్న కట్టుబాట్ల కథ.

సహకార సంఘం నేర్పిన క్రమశిక్షణ

జర్మనీలో రైఫైజన్ అనే గ్రామాధికారి పందొమ్మిదో శతాబ్దం మధ్యలో పేద రైతులను వడ్డీవ్యాపారుల నుండి తప్పించడానికి పరపతి సంఘాలు పెట్టాడు. అదే కాలంలో షుల్జ్ అనే ఆయన పట్టణాల చేతివృత్తులవారికోసం అటువంటివి స్థాపించాడు. ఆ పద్ధతి మన దేశానికి పనికివస్తుందా అని పరిశీలించడానికి మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారిని నియమించింది. ఆయన 1895లోను, 1897లోను రెండు సంపుటాల నివేదిక ఇచ్చాడు. సారాంశం ఏమంటే, ముందు డబ్బు కాదు, రైఫైజన్ వంటి మనిషి కావాలి, ఆ స్ఫూర్తి కావాలి అని. ఆ నివేదిక పునాదిగా 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. 1912లో దాన్ని విస్తృతపరిచి మరొక చట్టం చేశారు.

రైళ్ళలోనూ, తంతి తపాలా శాఖలోనూ, కలెక్టరు కచేరీలలోనూ, మిల్లులలోనూ ఉద్యోగుల పరపతి సంఘాలు పుట్టినది ఈ చట్టాల నీడలోనే. మనలో చాలామందికి వాటి తీరు తెలుసు. వాటా సొమ్ము కట్టాలి. నెలనెలా కొంత పొదుపు జమ చేయాలి. అప్పు కావాలంటే దరఖాస్తులో కారణం రాయాలి. ఇద్దరు తోటి ఉద్యోగులు జామీను సంతకం చేయాలి. వాయిదా జీతం బిల్లులోనే పట్టుకుంటారు.

ఇది మామూలు గుమాస్తా వ్యవహారంలా కనిపిస్తుంది గాని, ఇందులో లోతు ఉంది. కారణం రాయమన్నారంటే, అప్పు చేసేముందు మనిషి ఒక్క నిమిషం ఆగి ఆలోచించుకోవాలన్నమాట. పక్క బల్ల మీద కూర్చునే మిత్రుడు జామీను ఉంటే, అతని ముఖం చూసైనా దుబారా తగ్గిస్తాం. వాయిదా ముందే పట్టుకుంటే, చేతికి వచ్చిన మిగతా సొమ్మే మన ఆదాయం అని మనసు సర్దుకుంటుంది. అప్పు తీరుతుండగానే పొదుపు జమ కూడా పెరగడం నాలుగో విశేషం. కొత్త అవసరం వచ్చినప్పుడు మళ్ళీ వ్యాపారి గుమ్మం ఎక్కనక్కరలేదు.

ఈ పద్ధతిలో లోపం లేకపోలేదు. వేతనాల చెల్లింపు చట్టం అమలులో ఉన్న కాలంలో మొత్తం కోతలు జీతంలో సగాన్ని మించరాదన్న నియమం ఉండేది. సహకార సంఘానికి చెల్లించవలసింది ఉంటే ముప్పావు వంతుదాకా పోవడానికి వీలుండేది. పావు జీతంతో ఇల్లు గడవడం ఎలా? అందువల్ల పాత అప్పు సగం తీరగానే కొత్త అప్పుకు దరఖాస్తు పెట్టి, పాతది మినహాయించుకుని మిగిలింది చేతికి పుచ్చుకునే అలవాటు చాలాచోట్ల పాతుకుపోయింది. సంఘం పుస్తకాలలో అప్పు సక్రమంగా తీరినట్లే ఉంటుంది, ఉద్యోగి మాత్రం పదవీవిరమణదాకా ఋణగ్రస్తుడే. వడ్డీ తగ్గినంత మాత్రాన అప్పు తీరదనీ, ఖర్చు తగ్గాలనీ ఈ చరిత్ర చెబుతుంది.

రొక్కం, లెక్క

ఖర్చు తగ్గించే విద్యను చరిత్రలో రెండు చోట్ల చూడవచ్చు.

ఇంగ్లండులో రోచ్‌డేల్ అనే మిల్లుల ఊరుంది. 1844లో అక్కడ ఇరవైఎనిమిది మంది, నేతపనివారు మొదలైనవారు, తలా ఒక పౌను వేసుకుని చిన్న కొట్టు తెరిచారు. పెట్టిన సరుకులు పిండి, వెన్న, చక్కెర, ఓట్లపిండి, కొవ్వొత్తులు. అప్పటి కార్మికులు మామూలు దుకాణాలలో ఖాతా మీద సరుకులు తెచ్చుకునేవారు. ఖాతా ఉంది కనుక కల్తీ సరుకు ఇచ్చినా, ధర ఎక్కువ వేసినా నోరెత్తడానికి లేదు. వీరు పెట్టుకున్న నియమం ఒక్కటే ముఖ్యం, రొక్కానికే అమ్మకం. సభ్యుడైనా సరే, అప్పు లేదు. ఏడాది చివర మిగిలిన లాభాన్ని ఎవరు ఎంత కొన్నారో ఆ ప్రకారం పంచారు. అప్పట్లో ఇది మొండితనంగా కనిపించినా, ఆ కుటుంబాలను ఖాతా బానిసత్వం నుండి తప్పించింది ఆ నియమమే. 1904లో మద్రాసు తిరువల్లిక్కేణిలో ప్రారంభమైన సహకార స్టోరు మన ప్రాంతాలకు ఈ ఉద్యమాన్ని పరిచయం చేసింది.

మన పచారీ కొట్ల సంగతి మాత్రం వేరా? చిన్న నోటుపుస్తకం పట్టుకుని పిల్లవాడిని పంపితే సరుకులు వచ్చేవి. నెలాఖరున మొత్తం చూసి గుండె గుభేలుమనేది. చేతినుంచి నోటు పోతున్నప్పుడు కలిగే బాధ, పుస్తకంలో అంకె పడుతున్నప్పుడు కలగదు. నేటి కార్డు, నేటి ఫోను చెల్లింపు ఆ నోటుపుస్తకానికి వారసులే.

రెండవది లెక్క రాయడం. మన దేశంలో సహకార చట్టం వచ్చిన 1904లోనే జపానులో హాని మొతోకో అనే పత్రికా రచయిత్రి గృహిణులకోసం ఇంటి జమాఖర్చు పుస్తకాన్ని రూపొందించి ప్రచురించింది. వచ్చేది ఎంత, ఏ పద్దు కింద ఎంత పోవాలి అని నెల మొదట్లోనే రాసుకోవడం, జరిగిన ఖర్చు ఏ రోజుకా రోజు నమోదు చేయడం అందులోని పద్ధతి. ఆ అలవాటు నేటికీ జపాను ఇళ్ళలో ఉంది.

మహాత్మాగాంధీ తన ఆత్మకథలో లండన్ చదువు రోజుల గురించి రాశారు. 1888లో వెళ్ళిన కొత్తలో దర్జా బట్టలు, నాట్యం, వయొలిన్ పాఠాలు అంటూ కొంత ఖర్చు చేశారు. కాని ఒక్క అలవాటు మొదటినుంచీ ఉంది. బస్సు చార్జీ, తపాలా బిళ్ళ, పేపరుకిచ్చిన చిల్లరతో సహా ప్రతి కానీ రాసి, పడుకోబోయేముందు నిల్వ సరిచూసుకునేవారు. ఆ లెక్కే ఆయనకు కళ్ళు తెరిపించింది. ఖర్చు సగానికి తగ్గించాలని నిశ్చయించి, కుటుంబాల ఇళ్ళలో బస మానుకుని సొంతంగా గదులు తీసుకున్నారు. బండి ఎక్కడం మాని రోజుకు ఎనిమిది పది మైళ్ళు నడిచారు. ఆ తర్వాత ఒక్క గదికి దిగి, కొంత వంట తానే చేసుకున్నారు. ఆ మార్పువల్ల జీవితం వెలితి పడలేదనీ, మరింత నిజమైనదనీ ఆయన చెప్పుకున్నారు. తర్వాత లక్షల రూపాయల ప్రజాధనం చేతిలో ఉన్నా బాకీ అన్నది లేకుండా నడపగలగడానికి ఈ అలవాటే కారణమన్నారు.

వయసు మీరాక అప్పు తీర్చినవారు

ఈ వయసులో అప్పు తీర్చడం మనవల్ల అవుతుందా అని నిరాశపడేవారికోసం రెండు ఉదాహరణలు.

అమెరికా రచయిత మార్క్ ట్వేన్ బాగా సంపాదించాడు. అచ్చు అక్షరాలు పేర్చే ఒక కొత్త యంత్రం మీద మోజుతో ఆ సంపాదన దానికి ధారపోశాడు. 1894లో ఆయన ప్రచురణ సంస్థ దివాలా తీసింది. చట్టప్రకారం కొంత ఇచ్చి చేతులు దులుపుకోవచ్చు. ఆయన, ముఖ్యంగా ఆయన భార్య, పైసాతో సహా ఇవ్వాలనుకున్నారు. 1895లో, అరవైకి చేరువవుతున్న వయసులో, ఉపన్యాసాలిచ్చి సంపాదించడానికి ప్రపంచయాత్రకు బయలుదేరాడు. 1896లో మన దేశంలోనూ పర్యటించాడు. డబ్బు వ్యవహారాలను మాత్రం తన చేతిలో పెట్టుకోలేదు. రోజర్స్ అనే వ్యాపారవేత్త మిత్రునికి అప్పగించాడు. 1898లో బాకీలన్నీ తీరిపోయాయి. తన బలహీనత తెలిసినవాడు తాళంచెవి ఇంకొకరికి ఇవ్వడంలో తప్పులేదు.

రెండవది మన దేశపుది. లాల్ బహదూర్ శాస్త్రిగారు ప్రధానమంత్రిగా ఉండగా కుటుంబం కోరిక మీద ఒక ఫియట్ కారు కొన్నారు. ధర సుమారు పన్నెండు వేలు. తమ దగ్గర ఉన్నది ఏడు వేలు. మిగిలిన ఐదు వేలు బ్యాంకులో అప్పు తీసుకున్నారు. 1966 జనవరి 11న తాష్కెంట్‌లో ఆయన కన్నుమూశారు, అప్పు మిగిలిపోయింది. ఆయన భార్య లలితాదేవిగారు తమకు వచ్చే పింఛనులోనుంచి ఆ బాకీ తీర్చారని వారి కుమారులు చెప్పారు. పింఛనుదార్ల పత్రికలో గర్వంగా చెప్పుకోదగిన విషయం ఇది.

పాత అణా, కొత్త పేర్లు

అణాలు పోయి దశాబ్దాలు గడిచాయి. అణా వడ్డీ పోయిందా? 1980ల తొలినాళ్ళలో మన దేశపు బ్యాంకులు క్రెడిట్ కార్డులు ప్రవేశపెట్టాయి. గడువులోగా మొత్తం చెల్లిస్తే వడ్డీ లేదు. కనీస మొత్తం మాత్రమే కట్టి మిగతాది నిలవ ఉంచితే నెలకు మూడు, మూడున్నర శాతం పడడం మామూలు. మన ఊరి భాషలో అది వందకు మూడున్నర రూపాయల వడ్డీ, ఏడాదికి నలభైరెండు. ఏ వ్యాపారి అయినా ఇంటికి వచ్చి ఆ మాట అంటే తలుపు వేసేస్తాం. అచ్చయిన బిల్లు మీద చిన్న అక్షరాలలో ఉంటే ఊరుకుంటాం.

2010లో మన రాష్ట్రంలో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళ ఒత్తిడి తట్టుకోలేక పేద కుటుంబాలు చితికిపోయిన సంగతి మనకు తెలుసు. ఆ ఏడాది అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, తర్వాత దాన్ని చట్టం చేసింది. వారం వాయిదాలను నెల వాయిదాలుగా మార్చింది. 2020 చివర్లో ఫోను యాప్‌ల ద్వారా అప్పులిచ్చి, తీసుకున్నవారి బంధుమిత్రులకు ఫోన్లు చేసి అవమానించిన ముఠాల మీద తెలంగాణ పోలీసులు కేసులు పెట్టారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడ్డవాడే ఇప్పుడు ఫోనులోకి వచ్చాడు. 2022లో రిజర్వు బ్యాంకు సూక్ష్మరుణాల విషయంలో అన్ని అప్పుల వాయిదాలు కలిపి కుటుంబ నెల ఆదాయంలో సగం మించరాదని నిబంధన పెట్టింది.

1937 నుంచి 2022 దాకా చట్టాలలో ఈ సగం అన్న అంకె మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. సగందాకా వాయిదాలు కట్టవచ్చు అని దీని అర్థం చేసుకోరాదు. అది దాటితే మనిషి నిలబడలేడు అని చట్టం గీసిన చివరి గీత అది. గీత అంచున కాపురం పెట్టకూడదు.

ఒక లెక్క

చరిత్ర నుండి ఇంటికి వద్దాం. ఉదాహరణకు ఒక పింఛనుదారుకు మూడు బాకీలు ఉన్నాయనుకుందాం. కార్డు మీద 40,000, నెలకు మూడున్నర శాతం. బంగారం మీద 60,000, నెలకు ఒక శాతం. సంఘం అప్పు లక్ష, అదీ ఒక శాతమే. నెలకు వడ్డీ వరుసగా 1,400, 600, 1,000. మొత్తం 3,000. నెలకు 3,000 కట్టేవాడు జీవితాంతం కట్టినా రెండు లక్షల బాకీ రెండు లక్షలుగానే ఉంటుంది.

ఖర్చు తగ్గించి నెలకు 6,000 తీయగలిగాడనుకోండి. బంగారం, సంఘం బాకీలకు వడ్డీ 1,600 కట్టి, మిగిలిన 4,400 కార్డుకు వేస్తే, పన్నెండో నెలలో కార్డు బాకీ మాసిపోతుంది. అప్పటినుంచి నెలకు 1,400 వడ్డీ మిగులుతుంది. ఆ మిగులుతో సహా తర్వాతి బాకీ మీద పడవచ్చు. అదే మిగులును మొదట సంఘం అప్పుకు వేసి ఉంటే ఏడాది చివర మొత్తం బాకీ సుమారు 5,750 రూపాయలు ఎక్కువ ఉండేది. అసలు ఎంత అన్నది కాదు, వడ్డీ ఎంత అన్నది చూసి వరుస పెట్టుకోవాలి. అయితే వాయిదా గడువు దాటితే నగ వేలానికి పోయే ప్రమాదం ఉన్నచోట ఆ గడువును ముందు చూసుకోవాలి.

ఆ అదనపు 3,000 ఎక్కడనుంచి వస్తుంది? దీనికి లెక్క పుస్తకం తప్ప వేరే జవాబు లేదు. మూడు నెలలు వరుసగా ప్రతి ఖర్చూ రాస్తే, మనం అనుకునే ఖర్చుకు, జరుగుతున్న ఖర్చుకు ఎంత తేడా ఉందో బయటపడుతుంది. మందులు, తిండి, కరెంటు, అద్దె ముట్టుకోవద్దు. చదవని పత్రిక చందా, చూడని చానెళ్ళు, మొహమాటపు కట్నాలు, ఎవరో వేయించారని వేసిన చీటీ, ఇవి పుస్తకంలో పడ్డాక మాత్రమే కళ్ళకు కనిపిస్తాయి. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోకుండా ఉండాలంటే చిన్న పద్దుల దగ్గరే జాగ్రత్తపడాలి.

సంతకానికి ముందు

చివరగా ఒక్క మాట, ఇది మన వయసువారికి ప్రత్యేకం. ఈనాడు పింఛనుదార్ల అప్పులలో చాలా భాగం వారు తిన్నది కాదు, పిల్లలకోసం పెట్టిన జామీను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం జామీనుదారు బాధ్యత, వేరే ఒప్పందం లేకపోతే, అసలు బాకీదారు బాధ్యతతో సమానం. ఊరికే ఒక సంతకం నాన్నా అని పిల్లలు అనవచ్చు. చట్టం దృష్టిలో ఊరికే సంతకం అనేది లేదు. 1871లో చట్టం కట్టిన కంచెను మనమే ఆ ఒక్క సంతకంతో తీసివేసుకుంటున్నామేమో ఆలోచించుకోవాలి. పిల్లలకు కాదనడం కష్టమే. అయితే ఇవ్వగలిగినంత చేతికి ఇవ్వడం వేరు, ఎంతో తెలియని బాధ్యతను నెత్తిన పెట్టుకోవడం వేరు. ఈ తేడాను భార్యాభర్తలు, పిల్లలు ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే తర్వాత మనస్పర్థలు ఉండవు.

మన సంఘం శాఖలు నెలవారీ సమావేశాలలో ఒక అరగంట దీనికి కేటాయిస్తే బాగుంటుందని నా సూచన. అప్పు ఎవరికెంత అని అడగనక్కరలేదు. లెక్క పుస్తకం రాసే పద్ధతి, వడ్డీ లెక్క కట్టే పద్ధతి, పింఛనుకు చట్టం ఇచ్చిన రక్షణ, జామీను అర్థం, ఈ నాలుగూ తెలిసినవారు తెలియనివారికి చెబితే చాలు. లెక్కలు రాయడంలో, ఫైళ్ళు చూడడంలో ముప్పైయేళ్ళు గడిపిన మనకు ఇది కొత్త విద్య కాదు. కచేరీ లెక్క తప్పుపోకుండా చూసినవారం, ఇంటి లెక్క కూడా చూసుకోగలం.